రేకుకు అవతలి మనిషి

బస్సుకి రేకు తొడగడం ఇద్దరు మనుషుల పని. ఒకడు బయట నిలబడతాడు, ఇంకొకడు లోపల ఒదిగి కూర్చుంటాడు. మధ్యలో రేకు. బయటివాడు రంధ్రంలో రివెట్ మేకు పెట్టి, దాని తలకి గాలిగన్ను ఆనించి కొడతాడు. లోపలికి పొడుచుకొచ్చిన తోకకి లోపలివాడు ఇనుప దిమ్మ అడ్డం పెట్టి పట్టుకుంటాడు. గన్ను దెబ్బకీ దిమ్మ బరువుకీ మధ్య నలిగి ఆ తోక బొత్తాంలా విచ్చుకుంటుంది. రేకూ చట్రమూ అలా ఒకటవుతాయి. బయటి తల ఎప్పుడూ అందంగానే ఉంటుంది, పెట్టెలోంచి వచ్చేటప్పుడే అది అలా వస్తుంది. తోక మాత్రం పట్టిన చేతిని బట్టి ఉంటుంది. దిమ్మ గోరంత వాలినా తోక ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఆ తప్పు ఎండలో కనపడదు. వానలో బయటపడుతుంది.

మేస్త్రి బయట. అతని బావమరిది లోపల. ఇద్దరి తలలూ ఆ పనిలోనే నెరిశాయి.

గన్ను మోతలో మాట వినపడదు, రేకు అడ్డం కనక మొహమూ కనపడదు. అందుకని లోపలివాడు దిమ్మతో రేకు మీద తట్టి చెబుతాడు. ఒకసారి తడితే ఇంకాస్త కొట్టమని. రెండుసార్లు తడితే బాగుంది, పక్కదానికి పొమ్మని. మూడుసార్లు తడితే చెడింది, తీసెయ్యమని. ఈ కాసిని మాటలతోనే వాళ్లిద్దరూ బోలెడు బస్సులు కట్టారు. ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కారు. ముందు వాటాలో మేస్త్రి సంసారం, వెనక వాటాలో బావమరిది సంసారం. “పగలంతా ఒకే బస్సుకి చెరో పక్కా కూర్చుని ఏం కబుర్లు చెప్పుకుంటారో గానీ, ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ మాటలు అయిపోతాయి,” అనేది మేస్త్రి భార్య.

షెడ్డులో బావమరిదిని అందరూ ‘లోపలాయన’ అనేవాళ్లు. టీ వేళకి బస్సులోంచి ఆయన దిగి వచ్చేటప్పుడు, దుమ్ముతో తెల్లబడ్డ కనుబొమలు చూసి పెయింటరు రోజూ ఒకటే మాట. “ఇదుగో, లోపలాయన బయటపడ్డాడు. ఎండ కొత్తగా ఉందా అన్నా?” ఆయన నవ్వి ఎడమ చెవి తిప్పేవాడు. కుడి చెవి గన్ను మోతకి ఎప్పుడో పోయింది.

రేకు పని అయ్యాక లోపలంతా ప్లైవుడ్ బిగిస్తారు. ఆ తర్వాత ఆ తోకల్ని చూసేవాడు ఉండడు. యజమాని మాత్రం బేరానికి వచ్చినవాళ్లని బస్సు పక్కకి తీసుకొచ్చి, బయట రివెట్ల వరస మీద అరచెయ్యి రాసి చూపించేవాడు. “చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడన్నా తట్టుకుంటుందేమో. ఇదీ మా మేస్త్రి చెయ్యి.” మేస్త్రి తల వంచుకుని గన్ను గొట్టం సర్దుకునేవాడు. అవతల దిమ్మ చప్పుడు చెయ్యకుండా ఉండేది. అది ఎవరి చెయ్యో షెడ్డులో అందరికీ తెలుసు కదా, వేరే చెప్పేదేముంది అనుకునేవాడు మేస్త్రి. అలా అనుకోవడం హాయిగా ఉండేది.

అలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు.

అతను చెడ్డవాడు కాదు. ఎవరినీ ‘ఏరా’ అనలేదు. చేతిలో కాగితం లేకుండా అందరి దగ్గరికీ నడిచి వచ్చి మాట్లాడేవాడు. కాకపోతే అతని దగ్గర మాటలు ఎక్కువ. అంతవరకూ షెడ్డులో ఉన్నవి పని, పనోళ్లు, మేస్త్రి, అంతే. అతను వచ్చాక పని కాస్తా వర్క్ అయింది, జాబ్ అయింది, డ్యూటీ అయింది. కష్టపడ్డారు అనడానికి ‘మంచి ఎఫర్ట్’ అనేవాడు. ఎండలో ఇనప గొట్టాలు మోసినవాణ్ణి చూసి ‘హార్డ్‌వర్కర్’ అని భుజం తట్టేవాడు.

“సారూ, మీరు వర్క్ అన్నా, డ్యూటీ అన్నా, షిఫ్ట్ అన్నా మాకు నొప్పి పుట్టేది మాత్రం ఒక్క నడుమే,” అన్నాడు పెయింటరు.

మేనేజరు కూడా నవ్వాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. “ఇకనుంచి అందరికీ కంపెనీ చొక్కాలు. జేబు మీద ఎవరి పని వాళ్లది కుట్టి ఉంటుంది. వచ్చినవాళ్లకి ఎవరు ఏమిటో తెలియాలి కదా.”

ఆ మధ్యాహ్నం టీ దగ్గర అదే గోల. వెల్డరుకి బెంగ లేదు, వాడెప్పుడూ వెల్డరే. ఊడ్చే ఆవిడకి హౌస్‌కీపింగ్ అని వచ్చింది. “అంటే ఏంటయ్యా?” అనడిగింది. “ఇల్లు చూసుకోవడం,” అని చెప్పాడు వెల్డరు. “మా ఇంటికి నేను పోయేది పడుకోడానికే. దాన్నెవరు చూస్తున్నారంట?” అని చీపురు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. పెయింటరు మాత్రం తనకి పెయింటరు వద్దని, ఆర్టిస్టు అని కుట్టించమని మేనేజరు వెంట పడ్డాడు. ఆ మాటకి లోపలాయన కూడా పొలమారేట్టు నవ్వాడు.

“నీకేం కుట్టమంటావు అన్నా?” అనడిగాడు పెయింటరు.

లోపలాయన టీ గ్లాసు అడుగు చూస్తూ, “బావ ఏదంటే అది,” అన్నాడు. ఆగి, గ్లాసు కింద పెట్టి, “మా బావతో సమానంగా ఏదుంటే అది,” అన్నాడు.

అదీ వేళాకోళమే అనుకుని అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఇన్నేళ్లలో బావమరిది నోటి నుంచి తనకి ఇది కావాలి అన్న మాట అతను వినడం అదే మొదలు.

మర్నాడు మేనేజరు బస్సు దగ్గరికి వచ్చాడు. చొక్కాలు కుట్టే అతను వెనకే ఉన్నాడు. మేస్త్రి ఒక రివెట్ కొట్టి గన్ను ఆపాడు.

“మీకు టెక్నీషియన్ అని రాయిస్తున్నాను మేస్త్రీ. లోపల ఎవరు?”

“మా బామ్మర్దండీ.”

“అది చుట్టరికం. నేనడిగేది పని. ఆయన టెక్నీషియనా, హెల్పరా?”

“రెండిటికీ తేడా ఏమిటండీ?”

“టెక్నీషియన్ అంటే గన్ను పట్టేవాడు. ఆయన కూడా టెక్నీషియనే అంటే అవతలి వరసలో ఆయనకో గన్ను ఇస్తాను. ఆయన దగ్గరికి ఒక హెల్పరు వస్తాడు, మీ దగ్గరికి ఇంకొకడు వస్తాడు. హెల్పరు అంటే మాత్రం మీ దగ్గరే ఉంటాడు. మీరెలా అంటే అలా.”

వాడూ టెక్నీషియనేనండీ అనడానికి మేస్త్రి నోరు తెరిచాడు. ఈలోగా కళ్లముందు రేకు కనపడింది. రేకుకు అవతల ఎవడో కొత్తవాడు. దిమ్మ ఎలా పట్టుకుంటాడో, ఎప్పుడు తడతాడో తెలియనివాడు. వాడి తట్టు నమ్మి తను గన్ను జరపాలి. వరస వంకర పోయినా, నీరు దిగినా అది ‘మేస్త్రి చెయ్యి’ అంటారు. బావమరిది అవతలి వరసలో గన్ను పట్టుకుని నిలబడితే తను సగం మనిషి అవుతాడు. ఆ సంగతి అతనికి అప్పుడే, ఆ నిలబడ్డ చోటే తెలిసింది. తెలిసి భయం వేసింది.

“హెల్పరేనండి,” అన్నాడు.

“ఖాయమేనా? మీ మాట మీదే రాయిస్తున్నాను.”

“హెల్పరేనండి. నా దగ్గరే ఉండనీయండి.”

వాళ్లు పక్క బస్సు వైపు కదిలారు. గన్ను ఆగి ఉంది, షెడ్డులో కాసేపు ఎక్కడా మోత లేదు. రేకు పలచనిది.

లోపలి నుంచి దిమ్మ తట్టింది. ఒకటి. రెండు. మూడు.

మేస్త్రి ఆ ఆఖరి రివెట్ వంక చూశాడు. డ్రిల్లు తీసుకుని దాని తల తొలిచి, తోకని లోపలికి పొడిచి, చట్రం కింది సందులోంచి జారిపడ్డదాన్ని ఏరుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. తోక గుండ్రంగా, నిండుగా ఉంది. చెడలేదు.

“ఏరా, బాగానే ఉందిగా!” అని కేకేశాడు.

రంధ్రం అవతల దిమ్మ మళ్లీ వచ్చి ఆనింది. మేస్త్రి పాతది తుక్కు డబ్బాలో పడేసి కొత్తది కొట్టాడు. రెండుసార్లు తట్టు వినపడింది. పక్కదానికి పోయాడు.

భోజనాల వేళ బావమరిది ఎప్పటిలాగే తన క్యారేజీలో కూర సగం తీసి మేస్త్రి గిన్నెలోకి నెట్టాడు. తల ఎత్తలేదు. అతను ఎప్పుడూ అంతే కదా, అని మేస్త్రి తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

చొక్కాలు ఇంటికి వచ్చిన రోజు మేస్త్రి భార్య రెండిటినీ మడత విప్పి గుమ్మంలో పరిచింది. పక్కన ఆవిడ మరదలు కూర్చుని బియ్యం ఏరుతోంది.

“రెండూ ఒకటే రంగు, ఒకటే గుడ్డ. మరి జేబు మీద అక్షరాలు వేరేగా ఉన్నాయేం? దీని మీద ఇంత పొడుగూ, మా తమ్ముడి దాని మీద ఇంత పొట్టీ?”

“ఏదో రాశార్లే,” అన్నాడు మేస్త్రి.

“ఏదో అంటే? చదువు.”

చదివాడు. మేస్త్రి భార్య తన జాకెట్టు భుజం లాగి చూపించింది. “ఇంటెడు చాకిరీ చేస్తున్నాను, నాకేం కుట్టిస్తారో అడుగు మీ మేనేజర్ని. సరే, నా సంగతి వదిలెయ్. వాడికి హెల్పరేంటి? వాడు నీకు సాయానికొచ్చాడా, పనికొచ్చాడా?”

“వాడు నా దగ్గరే ఉంటాడని అలా రాయించానే. వేరే పేరైతే వేరే వరసకి పంపించేస్తారంట.”

“పోతే పోనీ, వాడి చేతికి గన్ను వచ్చేదిగా?”

మేస్త్రి తన చొక్కా మడత పెట్టసాగాడు. మరదలు చేట కింద పెట్టింది. “పోనీలే వదినా. పేరులో ఏముంది. అన్నయ్య పక్కన ఉండగా ఈయనకేం లోటు?” అంది.

ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. మేస్త్రికి అదే గుచ్చుకుంది. వెనక వాటాలోంచి బావమరిది వచ్చి చొక్కా తీసుకున్నాడు. జేబు మీద బొటనవేలు రాసి చూశాడు, తోక నలిగిందో లేదో చూసుకునేటట్టు. “గట్టిగానే కుట్టారు,” అని లోపలికి పోయాడు.

వానలు మొదలయ్యే ముందు ఒక కబురు వచ్చింది. మొదట తెచ్చింది పెయింటరే, ఈసారి వేళాకోళం లేకుండా. షెడ్డు పెద్ద స్థలానికి మారుతోందట. టెక్నీషియన్లందరూ అక్కడికి వస్తారు. హెల్పర్లని మాత్రం కంపెనీ పెట్టుకోదు, ఒక కాంట్రాక్టరు తన మనుషుల్ని తెస్తాడు. ఇప్పుడున్న హెల్పర్లకి నెలాఖరుతో సరి.

“మేస్త్రీ, లోపలాయన చొక్కా మీద ఏమని ఉంది?” అనడిగాడు పెయింటరు. ఏమని ఉందో అతనికి తెలుసు.

ఆ రోజు నుంచి మేస్త్రి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మేనేజరు గది మెట్ల దాకా పోయేవాడు, అక్కడ చెప్పుల దుమ్ము దులుపుకుని వెనక్కి వచ్చేవాడు. బావమరిది మాత్రం ఏమీ అడగలేదు. ఉదయం బస్సులోకి ఎక్కేవాడు, దిమ్మ పట్టేవాడు, తట్టేవాడు. ఆ తట్టులో తేడా ఏమన్నా ఉందేమో అని మేస్త్రి చెవి రిక్కించేవాడు. లేదు. ఇంట్లో భార్య ఊరుకోలేదు.

“వెళ్లి చెప్పవయ్యా. నువ్వన్న మాటేగా, నువ్వే మార్చుకో. అందులో సిగ్గేముంది?”

“చెప్తాను.”

“ఎప్పుడు? వాడు సంచి సర్దుకున్నాకా?”

చివరికి ఒక ఉదయం కడిగిన చొక్కా తొడుక్కుని గదిలోకి వెళ్లాడు. మేనేజరు ఒక్కడే ఉంటాడనుకున్నాడు. యజమాని కూడా ఉన్నాడు, ఎదుటి కుర్చీలో బస్సులు కట్టించుకోడానికి వచ్చిన పెద్దమనిషి ఎవరో ఉన్నాడు.

“రా మేస్త్రీ, రా!” అన్నాడు యజమాని. “నేను చెప్పింది ఈయన గురించేనండీ. ఈయన చెయ్యి పడ్డ బస్సులోకి వాన చుక్క దూరదు.”

పెద్దమనిషి మేస్త్రి చెయ్యి వంక చూశాడు. ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో మేస్త్రికి తెలియలేదు.

“మీ బావమరిది సంగతేనా?” అన్నాడు మేనేజరు. “మీరే కదా చెప్పారు హెల్పరని, రెండుసార్లు అడిగాను కూడా. సరే, ఇప్పుడైనా మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. ఒక్కటి చెప్పండి చాలు. హెల్పరు చెయ్యలేని పని ఆయన ఏం చేస్తున్నాడు?”

జవాబు మేస్త్రి నోట్లోనే ఉంది. వాన చుక్క దూరనిది నా చేతివల్ల కాదండీ, వాడి చేతివల్ల. అంతే, ఒక్క గుక్కలో అనేయచ్చు. పెద్దమనిషి ఇంకా ఆ చేతి వంకే చూస్తున్నాడు. యజమాని మొహం నిండా నవ్వు.

“చాలా నమ్మకస్తుడండీ,” అన్నాడు మేస్త్రి. “ఒక్కపూట మానడు. ఎదురు మాట్లాడడు.”

మేనేజరు ఆగి చూశాడు. “ఇంకా?”

మేస్త్రి మేనేజరుకి నచ్చే మాట కోసం వెతుక్కున్నాడు. దొరికింది, అది మేనేజరు దగ్గర నేర్చుకున్నదే. “హార్డ్‌వర్కరండీ,” అన్నాడు.

మేనేజరు తల ఊపాడు. అందులో వెటకారం లేదు, దయే ఉంది. “హార్డ్‌వర్కర్ సరే. హెల్పరుకి అది మంచి మాటే. టెక్నీషియన్ అనడానికి అది చాలదు కదా మేస్త్రీ. నమ్మకస్తుడంటున్నారు కనక ఒక పని చేస్తాను. మా చుట్టాల ఆస్పత్రి ఒకటి ఉంది, అక్కడ గేటు దగ్గరికి మనిషి కావాలి. అలాంటివాడే కావాలి. చెప్పి పెట్టిస్తాను.”

“చూశారా, మా మేనేజరు ఎవర్నీ గాలికి వదిలెయ్యడు,” అన్నాడు యజమాని.

మేస్త్రి చేతులు జోడించి బయటికి వచ్చాడు. మెట్ల మీద నాలిక కరుచుకున్నాడు. ఇంకోసారి తలుపు తోసి లోపలికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. కింద ఎవరో గన్ను కొడుతున్నారు. ఆ చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాడు, తర్వాత మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే బావమరిదికి చెప్పాడు. “గేటు దగ్గర పని ఇప్పిస్తామన్నారు. ఆస్పత్రిలో. కూర్చునే పనే.”

“ఎండలోనా, నీడలోనా బావా?” అనడిగాడు బావమరిది.

“చిన్న గదిలాంటిది ఉంటుందంట.”

“అయితే మేలే. బస్సులో కంటే గాలొస్తుంది.”

మేస్త్రి భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “నువ్వేం చెప్పావు వాడి గురించి?”

“మంచిగానే చెప్పాను.”

“అదే, ఏమని?”

“హార్డ్‌వర్కరని.”

“అంటే ఏంటన్నయ్యా?” అంది మరదలు.

“బాగా కష్టపడతాడని.”

మేస్త్రి భార్య మొగుడి మొహంలోకి చూసింది. “ఎడ్లని అమ్మేటప్పుడు కూడా అదే చెప్తారు,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆఖరి రోజు బావమరిది బస్సులోంచి దిగేటప్పుడు దిమ్మని గుమ్మం మెట్టు మీద పెట్టాడు. అది షెడ్డు సొత్తు. పట్టుకునే చోట ఇనుము నున్నబడి, నాలుగు వేళ్లకీ నాలుగు పల్లాలు పడ్డాయి. కాంట్రాక్టరు పంపిన కొత్తమనిషి దాన్ని ఎత్తి చూసి, “ఇంత బరువా!” అన్నాడు. మేస్త్రి వంక చూసి, “దీంతో నేనేం చెయ్యాలి?” అనడిగాడు. మేస్త్రి గేటు దాటుతున్న బావమరిది వంక చూస్తూ నిలబడ్డాడు.

కొత్త స్థలంలో పని మొదలైంది. కొత్తమనిషి చెడ్డవాడేం కాదు. ఎంత చెప్పినా రెండే తట్టేవాడు. వాలినదానికీ రెండే, ఒరిగినదానికీ రెండే. ఎందుకంటే మూడు తడితే మేస్త్రి మొహం మాడుతుందని వాడి భయం. మేస్త్రి బయటి నుంచి వరస మీద అరచెయ్యి రాసేవాడు. నున్నగానే ఉండేది. బస్సుకి నీళ్లు కొట్టి చూసే రోజున మాత్రం కిటికీల కింద నుంచి ధార కట్టింది.

“ఏమైంది మేస్త్రీ? మీ చెయ్యికి ఏమైంది?” అన్నాడు మేనేజరు. నిజంగానే కంగారుపడుతూ అడిగాడు.

మేస్త్రి బస్సు లోపలికి ఎక్కాడు. అక్కడ కూర్చుని చాలా ఏళ్లయింది. మోకాళ్లు మడిచి చట్రం గొట్టాల మధ్య ఒదిగితే తల పైన గొట్టానికి తగిలింది. గాలి లేదు. తోకలు ఒక్కొక్కటీ ఒక్కో వైపు పడుకుని ఉన్నాయి. దిమ్మ తీసుకుని, గన్ను కొట్టమని బయటివాడికి కేక పెట్టాడు. మొదటి దెబ్బకి మోచెయ్యి తిమ్మిరెక్కింది. రేకు మోత చెవిలో పడి బుర్రంతా నిండిపోయింది. రెండో రివెట్‌కి దిమ్మ చేతిలో జారింది. నాలుగు వేళ్లూ ఆ పల్లాల్లో పెట్టి చూశాడు. పట్టలేదు. ఆ పల్లాలు ఇంకో చెయ్యికి కొలత తీసినట్టున్నాయి.

ఆ వారంలోనే పాత బస్సొకటి దెబ్బ తిని షెడ్డుకి వచ్చింది. ఎప్పుడో వాళ్లిద్దరూ కట్టిందే. పక్క రేకు మార్చడానికి లోపలి ప్లైవుడ్ ఊడదీశారు. మేస్త్రి చూడకుండా పోదామనుకున్నాడు గానీ కాళ్లు ఆగాయి. వంగి చూశాడు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా వరసలే వరసలు. ఎవరో కూర్చుని ఓపిగ్గా కుట్టిన బొత్తాల్లా ఉన్నాయి తోకలు, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. లారీ గుద్దినచోట చట్రం గొట్టం వంగింది, రేకు చిరిగింది. తోకలు మాత్రం ఊడలేదు. పనివాళ్లు వాటిని ఒక్కొక్కటే తొలిచి తుక్కు డబ్బాలో పోస్తుంటే, మేస్త్రి అవతలి వైపుకి వెళ్లి బీడీ వెలిగించుకున్నాడు. రెండు దమ్ములు పీల్చి పారేశాడు.

ఆ మర్నాడు పని అయ్యాక ఆస్పత్రి వైపు నడిచాడు.

బావమరిది గేటు పక్కన నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా, జేబు మీద మళ్లీ ఏవో అక్షరాలు. మేస్త్రి అవి చదవలేదు. గేటు పెద్దది, ఇనప చట్రానికి రేకు బిగించింది. మేస్త్రి బయట, బావమరిది లోపల. పైన భుజాల దాకా మాత్రం ఒకరికొకరు కనపడ్డారు.

“రా బావా. అక్క బాగుందా?”

“బాగుంది. ఒకే ఇంట్లో ఉంటూ అడుగుతావేంట్రా?”

“ఈ మధ్య నేనొచ్చేసరికి పడుకుంటున్నారుగా.” ఎడమ చెవి ఇటు తిప్పి నిలబడ్డాడు. “ఏంటి ఇలా వచ్చావు? ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

ఒకావిడ బిడ్డని ఎత్తుకుని వచ్చింది. బావమరిది చిన్న తలుపు తీసి ఆవిడకి దారి చూపించాడు. వెనక్కి వచ్చి మళ్లీ అదే చోట నిలబడ్డాడు.

“బస్సు కారింది,” అన్నాడు మేస్త్రి.

“ఏ బస్సు?”

“కొత్తది.”

బావమరిది తల ఊపాడు. ఎందుకు కారిందని అడగలేదు. అడిగితే చెబుదామని మేస్త్రి దారంతా మాటలు కూడదీసుకుని వచ్చాడు. ఆ రోజు భయమేసి అన్నాన్రా. మేనేజరు గదిలో నోరు పెగల్లేదురా. అవి వరసగా నాలిక మీదికి వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ కదలలేదు.

“పాత బస్సొకటి వచ్చింది. మనం కట్టింది. ప్లైవుడ్ తీశారు,” అన్నాడు చివరికి.

“ఊఁ.”

“చూశాను.”

బావమరిది రోడ్డు వైపు చూస్తున్నాడు. అతని మొహంలో కోపం ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి. తిట్టినా బాగుండేది. చేతికి ఏం చెయ్యాలో తోచక, గేటు రేకు మీద వేలి కణుపుతో తట్టాడు. ఒకసారి.

బావమరిది ఆ చెయ్యి వంక చూశాడు. ఒకప్పుడు దిమ్మ పట్టిన ఆ కుడి భుజం కొంచెం లేచింది. చెయ్యి రేకు దాకా వస్తుందేమో అని మేస్త్రి కాచుకున్నాడు.

ఆ చెయ్యి గడియ మీదికి పోయింది.

“గేటు మీంచి చెయ్యి తియ్యి బావా,” అన్నాడు మెల్లగా. “బండొస్తోంది.”

మేస్త్రి చెయ్యి తీసి పక్కకి జరిగాడు. గేటు లోపలికి తెరుచుకుంది. దాంతోపాటు బావమరిది వంగి, కింది గడియ పట్టుకుని, రేకు వెనక్కి వెళ్లిపోయాడు. ఆస్పత్రి బండి దుమ్ము రేపుకుంటూ లోపలికి పోయింది. అది దాటిపోయాక కూడా, తెరిచి, వంగి పట్టుకున్న గేటు అవతల అతను ఉన్నాడనడానికి కింద రెండు కాళ్లు మాత్రం కనపడుతున్నాయి.